నీవెవరివి? – విశ్వాసి ఆత్మగౌరవానికి పునాది

మనలను మట్టితో సృజించి, ఆ మట్టికి గౌరవాన్ని ప్రసాదించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదర సోదరీమణులారా!

ఈ జుమా దినాన మన నిత్యజీవితానికి మిక్కిలి దగ్గరైన విషయాన్ని పరిశీలిద్దాం. ప్రతి మనిషి తన గురించి మనసులో ఒక చిత్రాన్ని గీసుకుంటాడు. దానినే స్వీయభావన అంటారు. ఆ చిత్రానికి తాను కట్టే విలువ ఆత్మగౌరవం. 'నేను ఫలానా' అని లోకానికి చెప్పుకునేది గుర్తింపు. ఈ మూడూ సరిగా ఉంటే మనిషి నిటారుగా నిలబడతాడు. ఇవి వక్రమైతే ఒకడు అహంకారంతో ఇతరులను తొక్కుతాడు, మరొకడు న్యూనతతో తనను తానే తొక్కుకుంటాడు. రెండూ వ్యాధులే. వాటికి దివ్యఖుర్ఆన్, ప్రవక్త (సఅసం) జీవితం ఏ చికిత్స సూచిస్తున్నాయో గ్రహించడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

రెండు ప్రశ్నల మధ్య మనం

తెలుగు నేలపై నివసించే ముస్లిములకు తరచు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. బస్సులోనో కార్యాలయంలోనో పరిచయమైన వారు, "ఇంత చక్కని తెలుగు మాట్లాడుతున్నారు, మీరు నిజంగా సాయిబులేనా?" అని ఆశ్చర్యపోతారు. పెద్ద నగరంలో సాటి ముస్లిముల మధ్యకు వెళితే, "ఉర్దూ రాదా? మరి మీరు ఎలాంటి ముసల్మానులు?" అని కొందరు చిన్నచూపు చూస్తారు. మొదటి ప్రశ్న మనలను తెలుగువారి నుండి వేరు చేస్తుంది. రెండవది ముస్లిముల నుండి వేరు చేస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగిన యువకుడు కొన్నాళ్లకు తనను తానే ప్రశ్నించుకుంటాడు: నేను ఎవరిని?

ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్న మరింత పదునుగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం ముస్లిములు 9 శాతానికి పైగా ఉండగా, శ్రీకాకుళం జిల్లాలో నూటికి ఒకరు కూడా లేరు. తరగతి గదిలో ముస్లిం విద్యార్థి ఒక్కడే ఉండడం ఇక్కడ సాధారణం. పైగా మన ప్రాంతపు మాటతీరును సినిమాల్లో హాస్యానికి వాడుకుంటారు. ఇక్కడి నుండి హైదరాబాదుకో విశాఖపట్నానికో పనికోసం వలసవెళ్లిన బిడ్డ 'ఏటి', 'నాను' అనే మాటలు నోట రాకుండా జాగ్రత్తపడతాడు. మతం విషయంలో ఒక సంకోచం, యాస విషయంలో మరొక సంకోచం, పేదరికం విషయంలో ఇంకొక సంకోచం. ఇన్ని బరువులు మోసే భుజాలు వంగకుండా ఎలా ఉంటాయి?

మారే గుర్తింపులు, మారని గుర్తింపు

మన పాతపట్నం చరిత్రనే ఒక పాఠంగా తీసుకుందాం. మహేంద్రతనయ నది చెంత పర్లాకిమిడికి పొరుగున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు నిలిచి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. 1930లో ఇక్కడ పుట్టినవాడు ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలకు, మూడు రాష్ట్రాలకు చెందినవాడయ్యాడు. నిన్నటిదాకా ఒకే పాలన కింద ఉన్న బంధువులు ఒక గీత వల్ల ఇరు రాష్ట్రాల వారయ్యారు.

ఆ మనిషిలో మారినదేమిటి? చిరునామా మాత్రమే. అతని నమాజు, అతని నిజాయితీ, తల్లిదండ్రుల పట్ల అతని బాధ్యత ఏ గీతతోనూ మారలేదు. ఊరు, జిల్లా, భాష, వృత్తి, వంశం – ఇవన్నీ మనకు లభించిన గుర్తింపులు. వీటిని తిరస్కరించనక్కరలేదు. అయితే మన విలువకు ఇవి పునాది కాజాలవు. కాలం, ప్రభుత్వాలు, సంపద మార్చగలిగిన దానిపై కట్టిన ఆత్మగౌరవం వాటితోపాటే కూలుతుంది.

అద్దం ఎవరి చేతిలో ఉంది?

అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లో వెలువరించిన గ్రంథంలో ఒక విషయాన్ని వివరించాడు. ఇతరుల కళ్లలో మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, వారు మనపై ఏ తీర్పు చెబుతున్నారో ఊహించుకుంటాం, ఆ ఊహను బట్టి గర్వమో సిగ్గో పొందుతాం. అంటే సమాజం మనకు అద్దం వంటిది. అంతకు ముందు 1890లో విలియం జేమ్స్ అనే మనస్తత్వవేత్త ఆత్మగౌరవాన్ని ఒక భిన్నంతో పోల్చాడు. సాధించినవి పైన, ఆశించినవి కింద. ఆశలు పెరిగి విజయాలు పెరగకపోతే ఆత్మగౌరవం తరుగుతుంది.

ఈ పరిశీలనలు మన జీవితాలకు చక్కగా సరిపోతాయి. నేడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. అందులో బంధువుల విందులు, గల్ఫ్ నుండి వచ్చిన కానుకలు, పెళ్లి మంటపాలు, కొత్త కార్లు కనిపిస్తాయి. చూసే కొద్దీ భిన్నంలోని కింది అంకె పెరుగుతుంది. నిన్నటిదాకా తృప్తిగా ఉన్న కుటుంబం ఈనాడు తనను దరిద్రంగా భావిస్తుంది. కూతురి నికాహ్‌ను నిరాడంబరంగా జరిపే శక్తి ఉన్న తండ్రి, నలుగురూ ఏమనుకుంటారోనని అప్పు తెచ్చి మంటపం కడతాడు. అద్దం పరుల చేతిలో ఉన్నంతకాలం మన ముఖం వారు చూపినట్లే ఉంటుంది.

ఇస్లాం ఆ అద్దాన్ని జనుల చేతి నుండి తీసుకుంటుంది. ప్రవక్త (సఅసం) బోధన ప్రకారం అల్లాహ్ మన రూపాలను, సంపదలను చూడడు. మన హృదయాలను, ఆచరణలను చూస్తాడు. పైన ఉన్నవారిని కాక, కింద ఉన్నవారిని చూడమని కూడా ఆయన ఉపదేశించారు. అలా చూసినప్పుడే అల్లాహ్ అనుగ్రహాల విలువ తెలుస్తుంది. హష్ర్ సూరాలోని 19వ ఆయతు ఇంకా లోతైన సత్యాన్ని వెల్లడిస్తుంది. అల్లాహ్‌ను విస్మరించిన వారికి తమ గురించిన స్పృహే పోతుంది. తనను సృజించినవానిని మరచినవాడు తానెవరో కూడా మరచిపోతాడు. కనుక 'నేను ఎవరిని?' అనే ప్రశ్నకు సమాధానం 'నేను ఎవరి దాసుణ్ణి?' అనే ప్రశ్నలో ఉంది.

పుట్టుకతో విలువ కట్టిన తొలివాడు

పుట్టుకను బట్టి ఘనతను లెక్కగట్టిన తొలివాడెవరో ఆలోచించండి. ఆదం (అలై) ఎదుట సాష్టాంగపడమని ఆజ్ఞ అయినప్పుడు ఇబ్లీస్ నిరాకరించాడు. తాను అగ్నితో, ఆదం మట్టితో సృజించబడ్డారన్నదే అతని వాదన. అతడు తన ఆచరణను ముందు పెట్టలేదు, తన మూలపదార్థాన్ని ముందు పెట్టాడు. ఆదం (అలై), హవ్వాలు పొరపాటు చేసినప్పుడు మాత్రం తమకు తాము అన్యాయం చేసుకున్నామని ఒప్పుకొని క్షమాపణ వేడుకున్నారు. ఆరాఫ్ సూరాలో ఈ రెండు వైఖరులూ పక్కపక్కనే ఉన్నాయి. తప్పు ఒప్పుకున్నందువల్ల ఆదం గౌరవం తగ్గలేదు. గొప్పలు చెప్పుకున్నందువల్ల ఇబ్లీస్‌కు గౌరవం దక్కలేదు.

అయినా మన సమాజంలో ఇబ్లీస్ లెక్క ఇంకా సాగుతూనే ఉంది. దూదిని ఏకి పరుపులు, దిండ్లు కుట్టే వృత్తితో తరతరాలుగా జీవించిన దూదేకుల, నూర్‌బాషా సోదరులు ఎందరో తెలుగునే మాతృభాషగా నిలుపుకున్నారు. బుర్రకథా కళతో 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఆ కుటుంబాలలో జన్మించినవారే. పరుపుల దుకాణాలలో స్పాంజి, యంత్రాల దూది వచ్చి వారి విల్లుకు పని తగ్గింది. వారి పట్ల చిన్నచూపు మాత్రం తగ్గలేదు. "వారు మనతో సమానమా?" అని మసీదులో ఒకే వరుసలో నిలబడినవారే పెళ్లి సంబంధాల దగ్గర అడుగుతున్నారు. భుజం భుజం కలిపి చేసిన నమాజు మసీదు గడప దాటకపోతే అది మన హృదయాల్లోకి దిగినట్టేనా?

మన పూర్వ విద్వాంసులు వృత్తిని దాచుకోలేదు, పేరులోనే ధరించారు. హదీసు విద్యలో మహా ప్రామాణికుడైన యహ్యా బిన్ సయీద్ 'అల్ కత్తాన్'గా ప్రసిద్ధుడు. కత్తాన్ అంటే దూది వర్తకుడు. హనఫీ న్యాయశాస్త్ర పండితులలో 'అల్ జస్సాస్' అంటే సున్నపు పనివాడు, 'అల్ ఖస్సాఫ్' అంటే చెప్పులు కుట్టేవాడు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) వస్త్రవ్యాపారి. ఇమామ్ గజాలీ తండ్రి ఉన్ని వడికి జీవించేవారని చరిత్రకారులు రాశారు. వారికంటే ముందు దావూద్ ప్రవక్త (అలై) స్వహస్తాల సంపాదనే భుజించేవారు, జకరియ్యా ప్రవక్త (అలై) వడ్రంగి. మన ప్రవక్త (సఅసం) బాల్యంలో మక్కావాసుల మేకలు కాశారు. చేతిపని నీచమైతే ఈ మహనీయుల చేతుల్లో అది ఎందుకు ఉండేది?

భాష అవమానం కాదు, ఆయతు

రూమ్ సూరాలోని 22వ ఆయతు భాషల, వర్ణాల వైవిధ్యాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా లెక్కించింది. ఇబ్రాహీం సూరా 4వ ఆయతు ప్రకారం ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే సందేశాన్ని వినిపించాడు. అరబీ నమాజు భాష, ఖుర్ఆన్ భాష. దానిని నేర్చుకోవడం మన బాధ్యత. ఉర్దూలో అపారమైన ధార్మిక సాహిత్యం ఉంది. నేర్చుకోగలిగితే మహాభాగ్యం. ప్రవక్త (సఅసం) ఆదేశంపై జైద్ బిన్ సాబిత్ (రజి) కొద్దిరోజుల్లోనే యూదుల లిపి నేర్చుకున్నారు. భాష నేర్చుకోవడం ఘనత. భాష రానివాని విశ్వాసాన్ని శంకించడం మాత్రం అజ్ఞానం.

తెలుగులో పూర్తి ఖుర్ఆన్ అనువాదాన్ని మొదటగా అందించిన చిలుకూరి నారాయణరావు గారు మన శ్రీకాకుళం ప్రాంతంలో, పొందూరు సమీపాన జన్మించిన భాషాపండితుడు. ఆయన ముస్లిమేతరుడు. మన ప్రాంతపు బిడ్డ చేతుల మీదుగా దైవగ్రంథ భావం తెలుగువారికి అందినప్పుడు, తెలుగు మాట్లాడే విశ్వాసి తన భాషను చూసి ఎందుకు సిగ్గుపడాలి? శ్రీకాకుళం పట్టణంలో కుతుబ్‌షాహీల కాలంనాటి జామియా మసీదు నేటికీ ఉంది. మనం ఈ నేలకు అతిథులం కాము. ఇక్కడి నీరు తాగి, ఇక్కడి మాట మాట్లాడి, ఇక్కడి మట్టిలో కలిసిన తరాల వారసులం.

ప్రవక్త సహచరుల పేర్లు వినండి: బిలాల్ హబషీ, సల్మాన్ ఫారసీ, సుహైబ్ రూమీ (రజి). ఇస్లాం స్వీకరించినంత మాత్రాన వారి ఊళ్ల పేర్లు చెరిపివేయబడలేదు. హబషా, పారశీకం, రోము – అన్నీ ఒకే వరుసలో నిలిచాయి. అలాగే పాతపట్నం, టెక్కలి, పలాస, బొబ్బిలి కూడా ఆ వరుసలో నిలవవచ్చు. హుజురాత్ సూరా 13వ ఆయతు జాతులు, తెగలు పరస్పర పరిచయం కోసమేనని, దైవభీతి అధికంగా ఉన్నవారే అల్లాహ్ వద్ద అధిక గౌరవనీయులని ప్రకటించింది.

యాసకు నవ్వేవారి విషయం కూడా ఖుర్ఆన్‌లో ఉంది. మూసా (అలై) తన నాలుక ముడి విప్పమని ప్రార్థించారు. మాట స్పష్టంగా పలకలేనివాడని ఫిరౌన్ ఆయనను ఎగతాళి చేశాడు. అనర్గళంగా మాట్లాడిన ఫిరౌన్ నీట మునిగాడు. తడబడే నాలుకతో సత్యం పలికిన మూసా (అలై) తన జాతిని ఒడ్డుకు చేర్చారు. ఖుర్ఆన్ పారాయణంలో తడబడుతూ, కష్టపడుతూ చదివేవానికి రెట్టింపు పుణ్యమని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. కనుక అరవై ఏళ్ల వయసులో ఖాయిదా పట్టుకున్న పెద్దమ్మ సిగ్గుపడనక్కరలేదు. సిగ్గుపడవలసినవాడు ఆమెను చూసి నవ్వినవాడే.

బజారులో ఒక ఆలింగనం

జాహిర్ (రజి) అనే పల్లెవాసి ఉండేవారు. అందగాడు కాదు, ధనికుడు కాదు. ఎడారి నుండి ఏదో ఒకటి ప్రవక్త (సఅసం)కు కానుకగా తెచ్చేవారు. ఒకనాడు ఆయన బజారులో సరుకు అమ్ముకుంటుండగా ప్రవక్త (సఅసం) వెనుక నుండి వచ్చి కౌగిలించుకొని, ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని పరిహాసంగా అడిగారు. తనను అమ్మితే ఏమంత ధర పలకదని జాహిర్ అన్నారు. అల్లాహ్ దగ్గర మాత్రం నీవు విలువ తక్కువవాడివి కావని ప్రవక్త (సఅసం) బదులిచ్చారు.

సోదరులారా! ఆ సంభాషణలో రెండు ధరలు ఉన్నాయి. ఒకటి బజారు ధర, జాహిర్ తనకు తాను కట్టుకున్నది అదే. రెండవది అల్లాహ్ దగ్గరి విలువ. ప్రవక్త (సఅసం) ఆయనను పొగిడి గర్విష్టిగా మార్చలేదు, త్రాసును మాత్రం మార్చారు. ఒకరికి ఆత్మగౌరవం కలిగించడమంటే ఇదే.

మసీదు ఊడ్చే ఒక వ్యక్తి మరణించినప్పుడు సహచరులు చిన్న విషయమనుకొని తెలియజేయలేదు. ప్రవక్త (సఅసం) ఆ సంగతి తెలిసి, సమాధి ఎక్కడో అడిగి వెళ్లి జనాజా నమాజు చేశారు. మన మసీదు ఊడ్చేవారి పేరు మనలో ఎందరికి తెలుసు?

వినయం వేరు, ఆత్మన్యూనత వేరు

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. విశ్వాసి వినయంగా ఉండాలి కదా, ఆత్మగౌరవం అహంకారం కాదా? ప్రవక్త (సఅసం) అహంకారాన్ని స్పష్టంగా నిర్వచించారు. సత్యాన్ని తిరస్కరించడం, జనులను తక్కువగా చూడడం – ఇవే అహంకారం. మంచి దుస్తులు ధరించడం, తల ఎత్తి నడవడం, తన హక్కును మర్యాదగా అడగడం అహంకారం కావు. మరోవైపు తన ఆత్మ నీచమైపోయిందన్న అర్థం వచ్చే పదాన్ని తన గురించి వాడవద్దని, దానికి బదులు మృదువైన మాట వాడమని కూడా ఆయన బోధించారు. మనం మనతో మాట్లాడుకునే మాటకు సైతం మర్యాద నేర్పిన ధర్మమిది.

వినయవంతుడు తన లోపాలను ఎరిగి దిద్దుకుంటాడు. ఆత్మన్యూనత గలవాడు తన లోపాలనే తన పేరుగా భావించి ఆగిపోతాడు. వినయం అల్లాహ్ గొప్పతనాన్ని చూడడం వల్ల కలుగుతుంది. న్యూనత మనుషులను అతిగా పెద్దగా చూడడం వల్ల కలుగుతుంది.

మన ఇళ్లలో, మసీదులలో చేయవలసినవి

మొదటిది, పిల్లలను పిలిచే తీరు. 'నల్లోడు', 'మొద్దు', 'పనికిమాలినది' అనే పిలుపులు ముద్దుకో కోపానికో మొదలై, జీవితాంతం అంటుకుంటాయి. హుజురాత్ సూరా 11వ ఆయతు ఎగతాళిని, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఇంటి గడపలోపల కూడా వర్తిస్తుంది. ఒక సహచరుడు మరొకరిని తల్లి పేరెత్తి దూషించినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని ప్రవక్త (సఅసం) మందలించారు.

రెండవది, మసీదు భాష. తెలుగు మాత్రమే తెలిసినవారు వచ్చే చోట వారికి అర్థమయ్యే భాషలో ఉపదేశం ఉండాలి. అర్థం కాని మాటల ఎదుట కూర్చున్నవాడు ప్రతి శుక్రవారం తాను పరాయివాడినన్న భావంతో ఇంటికి వెళతాడు.

మూడవది, సంబంధాలు. వధూవరులలో ధర్మనిష్ఠ, శీలం చూడమని ప్రవక్త (సఅసం) చెప్పారు. దూదేకులా, షేకా, సయ్యదా అన్న ప్రశ్న కంటే ముందు ఈ ప్రశ్న రావాలి. కట్నం పేరిట అబ్బాయికి ధర కట్టడం, అమ్మాయి ఆత్మగౌరవాన్ని వేలంలో పెట్టడమే.

నాలుగవది, బడిలో ఒంటరిగా ఉన్న మన బిడ్డలు. వారితో రోజూ పదినిమిషాలు మాట్లాడండి. ఎవరైనా పేరును, టోపీని, పర్దాను పరిహసించారా అని అడగండి. ఎదుటివారిని ద్వేషించమని నేర్పకండి. తానెవరో తెలిసినవాడికి నవ్వుతూ, నిర్భయంగా, మర్యాదగా సమాధానం చెప్పడం వస్తుంది.

ఐదవది, ఆత్మపరిశీలన. లెక్క అడగబడకముందే మీ లెక్క మీరే చూసుకోమని హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరించారు. రాత్రి నిద్రకు ముందు, ఈ రోజు నన్ను ఎవరు మెచ్చారు అని కాక, ఈ రోజు నేను ఎవరికి మేలు చేశాను, ఎవరి మనసు నొప్పించాను అని అడుగుదాం.

సోదర సోదరీమణులారా! ఎవరైనా 'నీవెవరివి?' అని అడిగితే సంకోచం లేకుండా చెబుదాం: మేము ఆదం సంతతి, అల్లాహ్ దాసులం, ముహమ్మద్ (సఅసం) అనుచరులం, ఈ తెలుగు నేల బిడ్డలం. వీటిలో ఏ ఒక్కటి చెప్పడానికీ మరొక దానిని దాచనక్కరలేదు.

ఓ అల్లాహ్! జనుల చూపులో హెచ్చు కావాలన్న తపన నుండి, మా చూపులో మేమే హీనులమన్న నిరాశ నుండి మమ్మల్ని కాపాడు. మా సాటివారిలో ఎవరినీ తక్కువగా చూడని హృదయాన్ని ప్రసాదించు. నీ దగ్గర విలువగల దాసులలో మమ్మల్ని, మా సంతానాన్ని చేర్చు. ఆమీన్.